ఆఖరి పేజీ ఎవరిది?

2020 వేసవిలో అమెరికా నాటక సంస్థల నుంచి ప్రకటనలు వరదలా వచ్చాయి. జాతి వివక్షకి వ్యతిరేకంగా నిలబడతామని, అందరినీ కలుపుకుపోతామని వాటి సారాంశం. ఆ ఏడాది మే 25న మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ మెడమీద మోకాలు పెట్టి ఒక పోలీసు అతన్ని చంపేశాడు. కోవిడ్ వల్ల మార్చి 12 నుంచే బ్రాడ్వే మూతపడి ఉంది. ప్రదర్శనలు లేవు, ప్రేక్షకులు లేరు. ఆ ఖాళీ సమయంలో థియేటర్లు తమ గురించి తాము ఆలోచించుకోక తప్పలేదు. జూన్‌లో నల్లజాతి, ఆదివాసీ, ఇతర వర్ణాల నాటక కళాకారులు మూడువందల మందికి పైగా సంతకాలు పెట్టి శ్వేత అమెరికన్ థియేటర్‌కి బహిరంగ లేఖ రాశారు. జులైలో డిమాండ్ల పత్రం ఇచ్చారు. ఆ ఒత్తిడి లేకపోతే ప్రకటనల్లో సగం వచ్చేవి కావని నా అనుమానం.

అక్కడే ఉంటున్న నా స్నేహితురాలి కూతురు అలాంటివి కొన్ని నాకు పంపింది. "ఆంటీ, నీకు నాటకాలంటే ఇష్టం కదా, చదువు" అని. చదివాను. మాటలు మంచివే. ఏ వేషాలు ఎవరికిస్తారు, బోర్డులో ఎంతమందిని చేర్చుకుంటారు, సిబ్బందికి ఏ శిక్షణ ఇప్పిస్తారు, అన్నీ ఉన్నాయి. అయితే నేను చదివిన వాటిలో ఒక్కటి మాత్రం కనపడలేదు. పిలిచి పీట వేసిన రచయిత్రి తన నాటకం ఇలాగే ముగియాలని పట్టుబడితే, ఆ ముగింపు మీకు ఇబ్బందిగా ఉంటే, అప్పుడు మీరేం చేస్తారు? 

ఈ ప్రశ్న నాకు ఊరికే తట్టలేదు. దీని వెనక ఒక నాటకం ఉంది. ఆ నాటకం చదవకముందు నేను చేసిన ఒక పని కూడా ఉంది. రెండూ చెబుతాను. ముందు నాటకం.

తొంభైల్లో ఇంగ్లీషు లెక్చరర్లకి ఒక తీర్థయాత్రాస్థలం ఉండేది. ఉస్మానియా క్యాంపస్‌లోని అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్. వేసవి సెలవుల్లో అక్కడికి వెళ్లి, లైబ్రరీలో కూచుని, జిరాక్సులు తీయించుకుని, సంచీలు మోసుకుంటూ ఇంటికి రావడం. ఆ రోజుల్లో మాకు ఆలిస్ అంటే ఆలిస్ వాకరే. ఇంకో ఆలిస్ ఉందని నాకు అక్కడే తెలిసింది. ఆలిస్ చిల్డ్రెస్. నా చేతికి మొదట దొరికింది నాటకం కాదు, 'లైక్ వన్ ఆఫ్ ది ఫ్యామిలీ' అనే చిన్న పుస్తకం. 1956లో వచ్చింది. మిల్డ్రెడ్ అనే పనిమనిషి సాయంత్రం ఇంటికొచ్చి, పక్కింటి స్నేహితురాలు మార్జ్‌తో ఆ రోజు యజమానురాళ్ల ఇళ్లలో ఏం జరిగిందో చెబుతూ ఉంటుంది. పుస్తకమంతా అంతే. మార్జ్ మాట ఒక్కటీ మనకి వినపడదు. మిల్డ్రెడ్ మాటల్లోంచే మార్జ్ ఏమందో ఊహించుకోవాలి. ఈ ముచ్చట్లు మొదట పాల్ రోబ్సన్ నడిపిన 'ఫ్రీడమ్' పత్రికలో వచ్చాయి. "మా ఇంట్లో మనిషిలాగే చూసుకుంటాం" అనే మాట మన ఇళ్లలో ఎన్నిసార్లు వినలేదు? ఆ మాట మీద మిల్డ్రెడ్ వేసే చురకలు చదివి నవ్వుకున్నాను. ఆ చురకలు నాకూ తగలొచ్చని అప్పుడు అనిపించలేదు.

చిల్డ్రెస్ 1912లో దక్షిణ కరోలినాలోని చార్ల్‌స్టన్‌లో పుట్టింది. ముత్తవ్వ బానిసగా బతికిన మనిషి. చిన్నప్పుడే న్యూయార్క్ హార్లెమ్‌కి వచ్చి అమ్మమ్మ దగ్గర పెరిగింది. హైస్కూలు చదువు పూర్తికాలేదు. పొట్టకోసం ఇళ్లలో పనిచేసింది, ఇంకా రకరకాల పనులు చేసింది. హార్లెమ్‌లో 1940లో అబ్రమ్ హిల్, ఫ్రెడరిక్ ఓనీల్ కలిసి 'అమెరికన్ నీగ్రో థియేటర్' మొదలుపెడితే అందులో చేరింది. 135వ వీధి లైబ్రరీ నేలమాళిగ వాళ్ల రంగస్థలం. సిడ్నీ పోయిటియర్, హ్యారీ బెలఫాంటె, రూబీ డీ వంటి వాళ్లందరూ ఆ నేలమాళిగలోంచి వచ్చినవాళ్లే. నటనపాఠాలకి ఫీజు కట్టలేక పోయిటియర్ అక్కడ ఊడ్చి తుడిచే పని చేశాడు. చిల్డ్రెస్ దాదాపు పదేళ్లు అక్కడే ఉండి నటించింది, దర్శకత్వం చేసింది, చేతికందిన పనల్లా చేసింది.

ఆ సంస్థ 'అన్నా లుకాస్టా' అనే నాటకం వేసింది. ఫిలిప్ యోర్డాన్ ఒక పోలిష్ కుటుంబం గురించి రాసిన కథని హిల్ నల్లజాతి కుటుంబానికి మార్చాడు. 1944లో అది బ్రాడ్వేకి వెళ్లి 957 ప్రదర్శనలు ఆడింది. చిల్డ్రెస్ కూడా అందులో ఒక వేషం వేసింది. డబ్బు మాత్రం ఎక్కువగా బయటివాళ్ల జేబుల్లోకే పోయింది, హార్లెమ్ సంస్థకి దక్కింది చాలా తక్కువ. మంచి నటులు కూడా దాంతోపాటే అటు వెళ్లిపోయారు. కొన్నేళ్లకి ఆ సంస్థే మూతపడింది. తెల్లవాళ్ల వేదిక మీద చోటు దొరకడం అంటే ఏమిటో చిల్డ్రెస్ కళ్లారా చూసింది అక్కడే.

1949లో 'ఫ్లోరెన్స్' అనే ఏకాంకిక రాసింది. ఒక్క రాత్రిలో రాసిందని చెబుతారు. నల్లవాళ్ల సమస్య మీద నాటకం అంటే చావుబతుకుల విషయమై ఉండాలి, ఆడవాళ్ల గొడవ కాకూడదు అని తోటి మగ నటులు వాదిస్తే దానికి జవాబుగా రాసిందట. దక్షిణాదిలో ఒక రైల్వేస్టేషను. వెయిటింగ్ రూము మధ్యలో కంచె. ఇటు నల్లవాళ్లు, అటు తెల్లవాళ్లు. ఒక తల్లి న్యూయార్క్ బయల్దేరింది. నటి కావాలని వెళ్లి అవస్థలు పడుతున్న కూతురు ఫ్లోరెన్స్‌ని వెనక్కి తీసుకురావడానికి. కంచెకి అటువైపు ఒక తెల్ల ఆవిడ, చాలా ఉదార హృదయురాలు, మాటల్లో పడుతుంది. మీ అమ్మాయికి సాయం చేస్తాను, నాకు తెలిసిన డైరెక్టర్ ఉంది అంటుంది. తల్లి మొహం విప్పారుతుంది. సాయం అంటే ఆ డైరెక్టర్ ఇంట్లో పనిమనిషి ఉద్యోగం. తల్లి రైలెక్కడం మానేస్తుంది. దారిఖర్చులకి తెచ్చుకున్న డబ్బు కూతురికే పంపించి, ప్రయత్నం ఆపొద్దని రాస్తుంది. ఈ చిన్న నాటకాన్ని నేను పాఠంగా చెప్పినప్పుడల్లా క్లాసులో నిశ్శబ్దం. ఉద్యోగం పేరు బయటపడే క్షణంలో వెనక బెంచీల అమ్మాయిలు ఒకళ్లనొకళ్లు చూసుకునేవాళ్లు.

ఇక అసలు నాటకం 'ట్రబుల్ ఇన్ మైండ్'. పేరు ఒక పాత బ్లూస్ పాటది.

1955 నవంబర్ 4న న్యూయార్క్‌లో గ్రెనిచ్ మ్యూస్ థియేటర్లో మొదటి ప్రదర్శన. ఈ థియేటర్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. ఒక ప్రెస్బిటేరియన్ చర్చి, ఒక యూదు ప్రార్థనామందిరం ఒకే ఆవరణలో కలిసి ఉండి, ఇద్దరూ కలిసి నడిపించిన చిన్న నాటకశాల. నిర్వహణ చూసిన స్టెల్లా హోల్ట్ చూపులేని స్త్రీ. వర్ణంతో పనిలేకుండా వేషాలివ్వడం వాళ్ల పద్ధతి. నల్లజాతి నాటక రచయితల కొత్త నాటకాలు వేశారు. 1954లో విలియం బ్రాంచ్ 'ఇన్ స్ప్లెండిడ్ ఎర్రర్', 1957లో లోఫ్టెన్ మిచెల్ 'ఎ ల్యాండ్ బియాండ్ ది రివర్' అక్కడివే. మెకార్తీ భయం దేశమంతా కమ్మిన కాలం అది. కమ్యూనిస్టులన్న ముద్రతో సినిమాల్లో, టీవీల్లో పని దొరకని వాళ్లకి అక్కడ చోటు దొరికేది. చిల్డ్రెస్ మీద ఎఫ్‌బీఐ ఫైలే నడిపింది. అయినా ఆమె నాటకం తీసుకున్నారు. ఇప్పటి ప్రకటనల్లో రాసే మాటల్లో చాలావాటిని ఆ సంస్థ ఏ ప్రకటనా ఇవ్వకుండానే డెబ్భై ఏళ్ల కిందట పాటించింది. దర్శకత్వం చిల్డ్రెస్సూ, ప్రధాన పాత్ర వేసిన క్లారిస్ టేలరూ కలిసి చేశారు. ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది కదా?

కథ అంతా ఒక రిహార్సల్. బ్రాడ్వేలో కొత్త నాటకం తయారవుతూంటుంది. అది నల్లవాళ్లని గుంపుగా కొట్టి చంపడానికి వ్యతిరేకంగా ఒక తెల్లజాతి రచయిత రాసిన నాటకం. డైరెక్టర్ ఆల్ మానర్స్ కూడా తెల్లవాడు, అభ్యుదయవాది. నాలాంటివాళ్లు ఎంతమంది ఉంటారు అన్న ధీమా ఉన్నవాడు. విలెట్టా మేయర్ నడివయసు నల్లజాతి నటి. మొదటి రోజు తొందరగా వచ్చి, కొత్తగా చేరిన కుర్రవాడికి బతకడం ఎలాగో నేర్పుతుంది. వాళ్లు జోకేస్తే నవ్వు, నాటకం ఎలా ఉందని అడిగితే అద్భుతం అను, నీకు అనుభవం ఉందని అబద్ధం చెప్పు. ఇంకో నటి మిల్లీ తను వేసిన పాత్రల పేర్లు తలుచుకుంటుంది. అన్నీ పూల పేర్లో, రత్నాల పేర్లో. పేరు నగది, పని మాత్రం అంట్లు తోమడం. ఈ భాగమంతా ప్రేక్షకులు పడీపడీ నవ్వుతారు. చిల్డ్రెస్ చేతిలో హాస్యం అంత పదునుగా ఉంటుంది. విలెట్టా నేర్పే ఈ విద్య మనలో ఎవరికి తెలీదు? పీహెచ్‌డీ గైడు ముందు, సభల్లో అధ్యక్షుల ముందు మనం నవ్విన నవ్వులు లెక్కేస్తే!

లోపలి నాటకంలో విలెట్టాది తల్లి వేషం. ఆమె కొడుకు చేసిన నేరం ఓటు వేయడం. గుంపు తరుముకొస్తూంటే తల్లి కొడుకుని దాచదు. వెళ్లి లొంగిపొమ్మంటుంది, షెరీఫ్ చేతికి అప్పగించడానికి ఒప్పుకుంటుంది. కొడుకుని చంపేస్తారు. తల్లి ఏడుస్తుంది. ప్రేక్షకులు కూడా ఏడవాలని రచయిత ఉద్దేశం.

మానర్స్ కొత్త పద్ధతి డైరెక్టర్. ప్రతి మాటకీ లోపల కారణం వెతుక్కో, సత్యం పట్టుకో అంటూ విలెట్టాని తోముతాడు. ఒకచోట కాగితం నేలమీద పడేసి, తీయమని ఆజ్ఞాపిస్తాడు. ఆమెకి ఒళ్లు మండుతుంది. చూశావా, ఇదీ అసలైన భావం అంటాడు, అదంతా ఒక అభ్యాసం అని. పాపం అతను అడిగినట్టే ఆమె సత్యం వెతకడం మొదలుపెడుతుంది. వెతికేకొద్దీ ఒకే చోట ఆగిపోతుంది. ఏ తల్లి ఈ పని చేస్తుంది? బిడ్డని చంపుతారని తెలిసీ ఎందుకు పంపిస్తుంది? అదే తారాగణంలో ముసలి నటుడు షెల్డన్ ఉన్నాడు. ఎప్పుడూ తల ఊపుతూ అందర్నీ మెప్పిస్తూ ఉండేవాడు. తను చిన్నప్పుడు అలాంటి హత్యని కళ్లారా చూశానని చెబుతాడు. గదిలో గాలి స్తంభించిపోతుంది. రచయితకి తెలీదు, డైరెక్టర్‌కి తెలీదు. తెలిసినవాడికి దొరికింది నవ్వించే వేషం.

చివరికి విలెట్టా డైరెక్టర్‌ని నిలదీస్తుంది. నువ్వైతే నీ కొడుకుని పంపుతావా? మానర్స్ నోరు జారుతాడు. తన కొడుక్కీ ఈ నాటకంలో నల్లపిల్లవాడికీ పోలికేమిటన్న అర్థం వచ్చే మాట అనేస్తాడు. ఆ ఒక్క మాటతో అతని అభ్యుదయమంతా ఒలికిపోతుంది. అంతకుముందే చెప్పుకున్నాడు, మీరు కోరినట్టు మిమ్మల్ని చూడటానికి ప్రేక్షకులు ఇంకా తయారుగా లేరని. రిహార్సల్ ఆపేసి వెళ్లిపోతాడు. విలెట్టా ఉద్యోగం ఊడినట్టే. ఎవరూ ఆమె పక్షాన నిలబడరు. ఆ థియేటర్లో వాచ్‌మాన్‌గా ఉన్న ముసలి ఐరిష్ హెన్రీ ఒక్కడు మిగులుతాడు. అతని ముందు ఖాళీ వేదిక మీద నిలబడి ఆమె బైబిల్లోని 133వ కీర్తన చదువుతుంది. సోదరులు ఐక్యంగా బతకడం ఎంత మేలో చెప్పే కీర్తన అది. ఒంటరిగా నిలబడి చదవడానికి ఆమె ఎంచుకున్నది ఇదీ!

ఆ నెలలు గుర్తుచేసుకోండి. 1955 ఆగస్టు 28న మిసిసిపిలో పద్నాలుగేళ్ల ఎమ్మెట్ టిల్‌ని చంపారు. తల్లి మేమీ టిల్ షికాగోలో శవపేటిక మూత తెరిచి ఉంచింది, నా బిడ్డని ఏం చేశారో లోకం చూడాలని. సెప్టెంబర్ 23న తెల్లవాళ్ల జ్యూరీ హంతకుల్ని వదిలేసింది. డిసెంబర్ 1న రోసా పార్క్స్ బస్సులో సీట్లోంచి లేవలేదు. ఆ రెండింటి మధ్యలో నవంబర్‌లో ఈ నాటకం. బిడ్డని తనే అప్పగించే తల్లి ఎక్కడైనా ఉంటుందా అని విలెట్టా అడుగుతూంటే, హాల్లో కూచున్న నల్లజాతి ప్రేక్షకులకి మేమీ టిల్ గుర్తు రాకుండా ఉంటుందా?

అయితే 1955లో వాళ్లు చూసింది నేను పైన చెప్పిన ముగింపు కాదు.

గ్రెనిచ్ మ్యూస్ నిర్మాతలకి ఆ ముగింపు నచ్చలేదు. మరీ చేదుగా ఉందన్నారు. మార్చకపోతే నాటకమే ఆపేస్తామన్నారు. చిల్డ్రెస్ మార్చింది. మానర్స్ తన తప్పు తెలుసుకుంటాడు, తారాగణం అంతా ఒక్కటవుతుంది, అందరూ మళ్లీ పనిలో పడతారు. నాటకం 91 ప్రదర్శనలు ఆడింది. ఆ ముగింపు రాసినందుకు ఆమె తర్వాత చాలా బాధపడింది. ఇవాళ పుస్తకంలో మనకి దొరికేది ఆమె అసలు ముగింపే. ఎవర్నీ వర్ణం చూసి బయటికి పంపని సంస్థ అది, దేశం వెలేసినవాళ్లని ఆదరించిన సంస్థ. లోపలి నాటకం గురించి విలెట్టా మొరపెట్టుకున్నదే బయటి నాటకానికీ జరిగింది. స్క్రిప్టులో అబద్ధం ఉంది, దాన్ని పలకను అన్న స్త్రీ గురించి రాసినామె చేత స్క్రిప్టులో అబద్ధం రాయించారు. స్టెల్లా హోల్ట్‌నీ మిగతావాళ్లనీ దుర్మార్గులుగా చూపించడం నా ఉద్దేశం కాదు. వాళ్లు దుర్మార్గులైతే ఈ వ్యాసం అక్కర్లేదు.

తర్వాత బ్రాడ్వే పిలిచింది. 1957లో వేస్తామన్నారు. పేరు కూడా మార్చారు, 'సో ఎర్లీ మండే మార్నింగ్' అని. మళ్లీ మార్పులు. ఇక్కడ తగ్గించు, అక్కడ మెత్తబరుచు. ఆమె రాసింది, తిరగరాసింది. చివరికి కాదని నాటకాన్ని వెనక్కి తీసుకుంది. ఒప్పుకుని ఉంటే బ్రాడ్వేలో ప్రదర్శించిన మొట్టమొదటి నల్లజాతి స్త్రీ నాటకం అదే అయ్యేది. ఆ గౌరవం 1959 మార్చి 11న లోరైన్ హాన్స్‌బెర్రీ 'ఎ రైజిన్ ఇన్ ది సన్'కి దక్కింది. హాన్స్‌బెర్రీ గొప్పదనాన్ని తగ్గించడం లేదు. కానీ పాఠ్యపుస్తకాలు 'మొదటి' అన్న మాటతో చరిత్ర మొదలుపెడతాయి. ఆ మాట వెనక నిరాకరించిన మనిషి ఒకరు ఉండొచ్చని మనం పిల్లలకి చెప్పం. నేనూ చాలా ఏళ్లు చెప్పలేదు.

ఆ తర్వాత కూడా చిల్డ్రెస్ దారి అంతే. తెల్ల మగవాడు, నల్ల స్త్రీల ప్రేమ గురించి రాసిన 'వెడ్డింగ్ బ్యాండ్'ని 1966లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో వేశారు. న్యూయార్క్ పబ్లిక్ థియేటర్‌కి చేరేసరికి 1972 అయింది. 1974లో టీవీలో వస్తే కొన్ని స్టేషన్లు ప్రసారం చెయ్యనన్నాయి. ఆమె నవల 'ఎ హీరో ఎయిన్ట్ నథింగ్ బట్ ఎ శాండ్‌విచ్'ని ఒక స్కూల్ బోర్డు లైబ్రరీలోంచి తీయించింది. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1982లో తీర్పు వచ్చింది. 1994లో ఆమె చనిపోయేనాటికి ఆమె నాటకం ఒక్కటీ బ్రాడ్వే చూడలేదు.

ఇక్కడ నా సంగతి చెప్పాలి.

తొంభైల మొదట్లో, ఈ నాటకం చదవక ముందు, నేనూ ఒక నాటిక రాశాను. కోస్తాలో పరిషత్తు పోటీల సందడి మీకు తెలుసు. గంట నిడివి, బిగువైన సన్నివేశం, చివర్లో కన్నీళ్లు. మా కాలేజీ పిల్లలతో వేయించాలని రాశాను. ఒక ఇంట్లో గొలుసు పోతుంది. మాల పేట నుంచి వచ్చే పనిమనిషి మీద నింద పడుతుంది. ఆమెని స్టేషన్‌కి పంపిస్తారు. మర్నాడు గొలుసు యజమానురాలి బీరువాలోనే దొరుకుతుంది. యజమానురాలు పశ్చాత్తాపంతో కుమిలిపోతుంది. పనిమనిషి, "అంత మాటెందుకమ్మా, మీ ఉప్పు తిన్నదాన్ని" అంటూ ఆమె కాళ్లకి దణ్ణం పెడుతుంది. తెర పడుతుంది. నేను కులాన్ని ఎదిరించి రాశానని గర్వంగా ఉండేది. ఆ వేషానికి ఎస్సీ హాస్టల్లో ఉండే అమ్మాయిని తీసుకున్నాను. అందరూ నన్ను మెచ్చుకున్నారు, ఎంత విశాల దృక్పథం అని!

రిహార్సల్ మూడో రోజో నాలుగో రోజో ఆ అమ్మాయి ఆగిపోయింది. "మేడమ్, మా అమ్మ ఈ మాట అనదు" అంది. ఏమంటుంది మరి అన్నాను. "ఏమీ అనదు మేడమ్. ఆ నెల జీతం అడిగి తీసుకుంటుంది. ఇంక ఆ గుమ్మం తొక్కదు." నాకు చిరాకేసింది. ఇది నాటకం, నిజజీవితం కాదన్నాను. జడ్జీలుంటారు, ప్రేక్షకులు ఉంటారు, వాళ్లు ఒప్పుకోవాలి కదా, సమాజం ఇంకా అంతదూరం రాలేదు, మనం మెల్లిగా తీసుకెళ్లాలి అన్నాను. ఆ అమ్మాయి తల ఊపింది. ఆ రోజు సాయంత్రం కాళ్లకి దణ్ణం పెట్టే భాగం పదిసార్లు చేయించాను, సరిగ్గా కుదరడం లేదని. ప్రదర్శన రోజు కుదిరింది. జనం చప్పట్లు కొట్టారు. మాకు ప్రోత్సాహక బహుమతి వచ్చింది. తర్వాతి ఏడాది నాటకానికి పిలిస్తే ఆ అమ్మాయి పరీక్షలున్నాయంది.

కొన్నేళ్ల తర్వాత 'ట్రబుల్ ఇన్ మైండ్' చదివాను. మొదటిసారి చదివినప్పుడు, చెప్పడానికి సిగ్గుగా ఉంది, నన్ను నేను విలెట్టాలో చూసుకున్నాను. ఆడవాళ్లం, రచయిత్రులం, సంపాదకులు మన ముగింపులు ఎన్ని మార్చారు, భర్తని వదిలేసిన నాయికని ఎన్నిసార్లు తిరిగి ఇంటికి పంపించమన్నారు! ఆ కోపంతోనే చదివాను. రెండోసారి పాఠం చెప్పడానికి చదువుతూంటే మానర్స్ మాట దగ్గర ఆగిపోయాను. ప్రేక్షకులు తయారుగా లేరు. ఇది నా మాట. నా గొంతుతో, నా కాలేజీ వరండాలో, పద్దెనిమిదేళ్ల పిల్లతో నేనన్న మాట. మన స్త్రీవాదంలో మాకు చోటెక్కడ అని దళిత స్త్రీలు అడిగినప్పుడు నొచ్చుకున్న వాళ్లలో నేనూ ఉన్నాను. నేను చోటిచ్చానుగా అనుకున్నాను. చోటిచ్చింది వేషానికి. పేజీ నా చేతిలోనే ఉంది.

చోటుకీ అధికారానికీ మధ్య ఉన్న ఈ తేడాని ఆగస్ట్ విల్సన్ 1996లో ప్రిన్స్‌టన్ సభలో లెక్కతో చూపించాడు. పెద్ద ప్రాంతీయ థియేటర్ల సంఘంలో 66 ఉంటే నల్లవాళ్లది ఒక్కటే. వర్ణంతో పనిలేకుండా తెల్లవాళ్ల నాటకాల్లో మాకు వేషాలివ్వడం మాకు అక్కర్లేదు, మా నాటకాలకి మా సంస్థలు కావాలి అన్నాడు. దానికి విమర్శకుడు రాబర్ట్ బ్రస్టీన్‌తో పెద్ద వాదం నడిచింది. 1997 జనవరిలో న్యూయార్క్ టౌన్‌హాల్లో ఇద్దరూ ఎదురెదురుగా కూచుని వాదించుకున్నారు. మధ్యవర్తి నాటకకర్త, నటి అన్నా డీవర్ స్మిత్. ఇద్దరు మగవాళ్ల మధ్య ఒక స్త్రీ మధ్యవర్తి, ఆ దృశ్యం కూడా మనకి కొత్తది కాదు. విల్సన్ అన్నదంతా నేను ఒప్పుకోను, నటి ఏ వేషమైనా వేయగలగాలి. కానీ అతను అడిగిన ప్రశ్న 2020 ప్రకటనల దాకా అలాగే నిలబడి ఉంది.

ప్రకటనల తర్వాతి సంవత్సరం బ్రాడ్వే తెరుచుకుంది. 2021 ఆగస్టులో మొట్టమొదట వేసిన నాటకం ఆంటోనెట్ చినోన్యే న్వాందు 'పాస్ ఓవర్'. ఇద్దరు నల్లజాతి యువకుల కథ. అంతకుముందు షికాగోలో, న్యూయార్క్‌లో వేసినప్పుడు అందులో చివర్లో హత్య జరుగుతుంది. బ్రాడ్వేకి వచ్చేసరికి న్వాందు తనే దాన్ని మార్చింది, వాళ్లని బతికించింది. అంత చావు చూశాక మళ్లీ చావు చూపించదలుచుకోలేదు. నేను మొదట ఉలిక్కిపడ్డాను, మళ్లీ మెత్తని ముగింపా అని. తర్వాత ఆలోచిస్తే తెలిసింది, మెత్తదనంలో లేదు విషయం. 1955లో చిల్డ్రెస్ చేత రాయించారు, 2021లో న్వాందు రాసుకుంది.

అదే సంవత్సరం నవంబర్ 18న, రాండబౌట్ థియేటర్ కంపెనీ 'ట్రబుల్ ఇన్ మైండ్'ని బ్రాడ్వేకి తెచ్చింది. దర్శకుడు చార్ల్స్ రాండాల్ఫ్-రైట్, విలెట్టాగా లాషాంజ్. ముగింపు చిల్డ్రెస్‌దే. 66 ఏళ్లు పట్టింది. నాలుగు టోనీ నామినేషన్లు వచ్చాయి. అందరూ రాశారు, నిన్న రాసినట్టు ఉందని. ఆమెని పొగడటానికి అన్నమాట అది. నాకు మాత్రం అది థియేటర్ మీద నేరారోపణలా వినపడింది. ఒక సంస్థ 2021లో చేసిన మంచిపనికి సంతోషించాలా, 1957లో చెయ్యనిదానికి ఏడవాలా? ఆమె చనిపోయి అప్పటికి 27 ఏళ్లు. ఇక ఆమెని ఏ పేజీ మార్చమనీ ఎవరూ అడగలేరు. బతికున్న రచయిత్రితో ఎలా ఉంటారన్నది ఆ నాటకంతో తేలదు.

నా నాటికలో వేషం వేసిన అమ్మాయి ఇప్పుడు గురుకులంలో టీచరు. పిల్లలతో నాటకాలు వేయిస్తుందని విన్నాను. ఎన్నేళ్లుగానో అనుకుంటూ, పోయిన ఏడాది ఫోన్ చేశాను. ఆ నాటిక గురించి తప్పు చేశానని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "పదిసార్లు చేయించారు మేడమ్" అంది, అంతే. నిష్ఠూరం లేదు, పరవాలేదు అన్న మాటా లేదు. 'ట్రబుల్ ఇన్ మైండ్' జిరాక్స్ పంపుతానంటే పంపమంది. వారానికి తనే ఫోన్ చేసింది. నేను ముగింపు గురించి మాట్లాడుతుందనుకున్నాను, కీర్తన గురించి, హెన్రీ గురించి. ఆమె అడిగింది వేరే.

"పిలవకపోయినా రేపు వస్తానంటుంది కదా మేడమ్ విలెట్టా. వస్తే తీసేస్తారు. ఆ నెల అద్దె ఎవరు కడతారు?"

నాటకంలో లేదు అన్నాను.

"అది కూడా ఉంటే బావుండేది" అంది. పిల్లలు గంట కొట్టారు, క్లాసు ఉందని పెట్టేసింది.